‘మీవాళ్ల ఓట్లు ఎటు పడ్డాయి?’

2024 జూన్ 4వ తేదీ. ఉదయం ఎనిమిది గంటలకు తపాలా ఓట్లతో మొదలైన లెక్కింపు మధ్యాహ్నానికే రాష్ట్ర ఫలితాన్ని తేల్చివేసింది. 175 శాసనసభ స్థానాలలో 164 తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమికి దక్కాయి. అయిదేళ్ల క్రితం 151 స్థానాలతో గద్దెనెక్కిన వైఎస్ఆర్ కాంగ్రెస్ 11 స్థానాలకు కుంచించుకుపోయింది. గెలుపోటములు తేలిపోయిన తరువాత రాత్రికి మిగిలేది విశ్లేషణ. టీవీ చర్చలలో, తిరుపతి టీకొట్ల దగ్గర, చిత్తూరు బజారు అరుగుల మీద అది అర్ధరాత్రి దాకా సాగింది. ఆ విశ్లేషణ సాగిన ప్రతిచోటా, అక్కడ ఒక ముస్లిం ఉన్నాడంటే, చివరకు ఒక ప్రశ్న అతని ముందు వాలుతుంది: “ఏం భాయ్, మీవాళ్ల ఓట్లు ఎటు పడ్డాయి?”

గెలిచినవారు అడిగితే ఆ గొంతులో అనుమానం ఉంటుంది. ఓడినవారు అడిగితే నిష్ఠూరం ఉంటుంది. మనవాళ్లలో చాలామంది నవ్వి ఊరుకుంటారు. కొందరు మాత్రం తడబడి, “అన్నా, మా ఇంట్లో అయిదు ఓట్లూ మీకే” అని ప్రమాణపూర్వకంగా చెప్పుకుంటారు. ఎవరు ఎవరికి వేశారన్నది కాదు ఇక్కడ అసలు విషయం. ఓటు వేసి వచ్చిన ఒక పౌరుడు, వేసిన మూడు వారాల తరువాత, తన విధేయతను నిరూపించుకోవలసి రావడమే అసలు విషయం.

ఈ ప్రశ్నకు మనం జవాబు బాకీ లేము. జవాబు బాకీ ఉన్నవారు వేరే ఉన్నారు. అంతకన్నా ముందు, ఆ రాత్రి వెలువడిన అంకెలు నిజంగా ఏమి చెప్పాయో, ఏమి చెప్పలేవో మన ప్రాంతపు ఫలితాలతోనే చూద్దాం.

ఫలితం చెప్పేది, చెప్పనిది

తిరుపతి లోక్‌సభ స్థానంలో ఏడు శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి: తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, వెంకటగిరి, గూడూరు, సూళ్లూరుపేట, సర్వేపల్లి. 2024లో ఈ ఏడింటిలోనూ కూటమి అభ్యర్థులే గెలిచారు. ఒక్క తిరుపతి శాసనసభ స్థానంలోనే జనసేన అభ్యర్థికి 61,956 ఓట్ల ఆధిక్యం వచ్చింది. అయినా, అదే రోజు, అదే పోలింగ్ కేంద్రాలలో, అదే ఓటర్లు వేసిన లోక్‌సభ ఓట్లను లెక్కిస్తే కూటమి తరఫున నిలిచిన భారతీయ జనతా పార్టీ అభ్యర్థి వరప్రసాదరావు ఓడిపోయారు. వైఎస్ఆర్ కాంగ్రెస్ అభ్యర్థి గురుమూర్తి 14,569 ఓట్ల తేడాతో గెలిచారు. పక్కనున్న రాజంపేట లోక్‌సభ స్థానంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. ఏడు శాసనసభ స్థానాలలో నాలుగు కూటమివి. కాని లోక్‌సభకు కూటమి తరఫున భారతీయ జనతా పార్టీ నిలిపిన మాజీ ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి 76 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. కూటమి తరఫున తెలుగుదేశమే నిలిచిన చిత్తూరు లోక్‌సభ స్థానం మాత్రం కూటమికే దక్కింది.

అంటే, ఒకే ఓటరు రెండు యంత్రాల ముందు నిలబడి రెండు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్న సందర్భాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ రాత్రి విశ్లేషకుల నోట వెంటనే ఒక మాట వచ్చింది: “ముస్లింలు, క్రైస్తవులు పైన ఒకరికి, కింద ఒకరికి వేశారు.” కావచ్చు. కాని మరెన్నో కారణాలూ ఉన్నాయి. 2014లో వైఎస్ఆర్ కాంగ్రెస్ తరఫున తిరుపతి ఎంపీగా, 2019లో అదే పార్టీ తరఫున గూడూరు ఎమ్మెల్యేగా గెలిచిన వరప్రసాదరావు ఎన్నికల ముంగిట పార్టీ మారి వచ్చినవారు. ఆయనకు ఓటు వేయని తెలుగుదేశం కార్యకర్తలు ఉండి ఉండరా? 2019లో తిరుపతి లోక్‌సభ స్థానంలో భారతీయ జనతా పార్టీకి నోటా కన్నా తక్కువ ఓట్లు వచ్చాయి. 2021 ఉపఎన్నికలో ఆ పార్టీ అభ్యర్థికి ధరావతు దక్కలేదు. అటువంటి చోట ఆ గుర్తుకు అలవాటు పడని హిందూ ఓటర్లు ఉండరా? అయితే ఈ ప్రాంతంలో ఆ పార్టీ ఎన్నడూ గెలవలేదనీ అనలేము. 1999లో తెలుగుదేశం పొత్తుతో ఇదే తిరుపతి నుంచి భారతీయ జనతా పార్టీ అభ్యర్థి లోక్‌సభకు వెళ్లారు. ఇన్ని కారణాలు కలిసిన 14 వేల తేడాను ఒక్క మతం పద్దులో రాసివేయడం విశ్లేషణ కాదు, వేలు చూపడం.

ఇంకో ఉదాహరణ మదనపల్లె. పాత చిత్తూరు జిల్లాలోని ఆ నియోజకవర్గంలో 2024లో రెండు ప్రధాన పక్షాల అభ్యర్థులూ ముస్లింలే. తెలుగుదేశం తరఫున షాజహాన్ బాషా, వైఎస్ఆర్ కాంగ్రెస్ తరఫున నిసార్ అహ్మద్. సుమారు అయిదున్నర వేల ఓట్ల తేడాతో షాజహాన్ బాషా గెలిచారు. ఇద్దరూ ముస్లింలైనప్పుడు ‘మతం చూసి వేసే ఓటు’ ఎటు పోయినట్టు? అక్కడి ముస్లిం కుటుంబాలు మిగతా అందరిలాగే పార్టీని, పనిని, మనిషిని, పథకాన్ని చూసి ఎంచుకున్నాయి. అక్కడి హిందూ ఓటర్లు కూడా ఇద్దరు ముస్లింలలో ఒకరిని ఎంచుకున్నారు. ఎన్నికల రాత్రి తీరిక లేకుండా మాట్లాడిన గొంతులు ఈ మదనపల్లె పాఠాన్ని ఎందుకు చెప్పలేదు? ముందే కట్టుకున్న కథలో అది ఇమడదు కనుక.

బ్యాంకు ఎవరిది?

‘ఓటు బ్యాంకు’ అనే మాటను వాడుకలోకి తెచ్చినవారు సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్. 1950లలో మైసూరు ప్రాంతపు గ్రామం మీద రాస్తూ, తన మీద ఆధారపడినవారి ఓట్లను గుప్పిట పెట్టుకుని అభ్యర్థికి అందించే పెత్తందారును వివరించడానికి ఆయన ఆ మాటను వాడారు. ఆ మాటలోని విమర్శ పెత్తందారు మీద. నేడు ఆ మాట తలకిందులైంది. పెత్తందారు తప్పుకున్నాడు, ఓటరు ముద్దాయి అయ్యాడు.

దక్షిణ రాయలసీమ ముస్లింలను ఒకే సంచిలో వేయడానికి చూసేవారు కనీసం మన ఇళ్లలోకి తొంగి చూడాలి. దూదేకులవారు, అంటే నూర్‌బాషాలు, బీసీ–బి జాబితాలో ఉన్నారు. 2007 చట్టం గుర్తించిన పద్నాలుగు ముస్లిం సమూహాలు బీసీ–ఇ కింద ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఆ రిజర్వేషన్ పరిధిలోనే లేవు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారున్నారు, తెలుగు తప్ప మరో భాష రానివారున్నారు. మదనపల్లె టమాటా మండీలో హమాలీకీ, తిరుపతిలో దుకాణం నడిపే వర్తకుడికీ, గల్ఫ్‌లో కొడుకున్న తల్లికీ, డీఎస్సీ కోసం ఎదురుచూసే అమ్మాయికీ ప్రభుత్వంతో ఉన్న అవసరాలు వేరు. వీరందరూ ఒకే మీట నొక్కుతారని అనుకోవడం వారి బుద్ధిని అవమానించడమే.

“రాష్ట్రంలో అన్ని కులాల ఓట్లనూ ఇలాగే విశ్లేషిస్తారు కదా, మీకు మాత్రమే ఎందుకు కోపం?” అని అడిగేవారున్నారు. నిజమే, రెడ్డి, కమ్మ, బలిజ ఓట్ల మీద కూడా లెక్కలు వేస్తారు. కాని ఆ లెక్కల వెనుక ‘ఎవరికి ఎంత బలం’ అన్న ప్రశ్న ఉంటుంది. మన ఓట్ల లెక్క వెనుక ‘వీరు ఎవరి పక్షం’ అన్న ప్రశ్న ఉంటుంది. ఒక కులం ఒక పార్టీ వైపు మొగ్గితే దానిని రాజకీయ చైతన్యం అంటారు. ముస్లింలు మొగ్గితే మతోన్మాదం అంటారు. చీలిపోతే తెలివితక్కువతనం అంటారు. ఏం చేసినా తప్పే అయ్యే చోట ప్రశ్నలోనే తప్పుంది.

పార్టీలు మారిన నాయకుల విధేయతను మాత్రం ఎవరూ అడగరు. 2019లో చిత్తూరు నుంచి వైఎస్ఆర్ కాంగ్రెస్ తరఫున గెలిచిన ఆరణి శ్రీనివాసులు 2024లో తిరుపతి నుంచి జనసేన ఎమ్మెల్యే అయ్యారు. సత్యవేడు ఎమ్మెల్యే ఆదిమూలం కండువా మార్చి, అదే స్థానంలో తెలుగుదేశం తరఫున మళ్లీ గెలిచారు. అది వారి హక్కు, వారిని గెలిపించడం ప్రజల హక్కు. కండువా మార్చినవారికి లేని సంజాయిషీ వేలికి సిరా పూయించుకున్నవాడికి ఎందుకు?

వీధి లెక్క బయటపడితే

ఈ ప్రశ్న టీకొట్టు కబురుతో ఆగిపోతే ఇంత రాయవలసిన పని లేదు. దీనికి ఒక కాగితం ఉంది. లెక్కింపు పూర్తయిన తరువాత తయారయ్యే ఫారం 20లో ఒక్కొక్క పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో నమోదవుతుంది. బ్యాలెట్ పత్రాల కాలంలో, ఎన్నికల సంఘం ప్రకటించిన నియోజకవర్గాలలో, వేర్వేరు పెట్టెల పత్రాలను కలిపి లెక్కించే నియమం ఉండేది. ఓటింగ్ యంత్రాలు వచ్చాక ప్రతి యంత్రం విడిగా తన అంకె చెబుతుంది. ఒక పోలింగ్ కేంద్రం పరిధి మూడు నాలుగు వీధులు. మన మహల్లాలోని కేంద్రం ఎటు మొగ్గిందో జూన్ 4 రాత్రికే ఏజెంట్ల చేతి కాగితాలలో ఉంది.

ఆ తరువాత ఏం జరుగుతుందో కార్పొరేటరు ఇంటికి వెళ్లి వచ్చిన ప్రతి కుటుంబానికీ తెలుసు. కాలువ పని అడిగితే “మీ బూతులో మాకు ఎన్ని వచ్చాయో తెలుసా” అన్న మాట వినిపిస్తుంది. ఇంటి పట్టా, పింఛను, ఖబరస్తాన్ గోడ, షాదీఖానా మరమ్మతు, అన్నీ ఆ అంకె చుట్టూ తిరుగుతాయి. రహస్య ఓటు వ్యక్తికి రక్షణ ఇచ్చింది గాని, వీధికి ఇవ్వలేదు. ఒకే సమూహం ఒకే చోట నివసించే వీధికి అసలే ఇవ్వలేదు.

దీనికి మందు కనిపెట్టబడే ఉంది. పద్నాలుగు యంత్రాల వరకు కలిపి ఒకే మొత్తం చూపించే ‘టోటలైజర్’ను వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దానిని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం అంగీకరించలేదు. పోలింగ్ కేంద్రాలవారీ లెక్క ఉంటేనే అక్రమాలు పట్టుబడతాయన్నది దీనికి ఎదురుగా వినిపించే వాదన. అది కొట్టిపారేయదగినది కాదు. కాని అక్రమాల పరిశీలనకు ప్రతి యంత్రం లెక్కను సీలు వేసి భద్రపరచి, న్యాయస్థానం అడిగినప్పుడే తెరిచే ఏర్పాటు చేయవచ్చు. దానికోసం ప్రతి వీధి మొగ్గునూ ప్రతి నాయకుడి చేతిలో పెట్టనక్కరలేదు. మైనారిటీ హక్కుల సంఘాలు రిజర్వేషన్ గురించి, వక్ఫ్ గురించి మాట్లాడినంత గట్టిగా ఈ విషయం గురించి మాట్లాడడం లేదు. ఇకనైనా మాట్లాడాలి. దళితవాడకూ, తండాకూ, మత్స్యకార పల్లెకూ ఇదే అవసరం. ఇది మన ఒక్కరి పోరాటం కాదు.

చట్టం మన వైపే ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం, తాను ఎవరికి ఓటు వేశాడో చెప్పమని ఎవరినీ నిర్బంధించరాదు. న్యాయస్థానంలో సాక్షి బోనెక్కినవాడికి కూడా ఈ రక్షణ ఉన్నప్పుడు, టీకొట్టు బెంచీ మీద కూర్చున్నవాడికి లేదా? 1909లో ఆంగ్లేయులు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టారు. స్వతంత్ర భారతం వాటిని రద్దు చేసింది. మతం, జాతి, కులం, లింగం ఏవైనా సరే, నియోజకవర్గానికి ఒకే ఓటర్ల జాబితా ఉండాలని రాజ్యాంగం 325వ అధికరణం నిర్దేశించింది. రాజ్యాంగం కూల్చిన గోడను ఎన్నికల రాత్రి చర్చలు మళ్లీ కడుతున్నాయి. వేరు జాబితాలో మన పేర్లు లేవు, వేరు లెక్కలో మాత్రం ఉన్నాయి.

లెక్క అప్పగించవలసినది ఎవరు?

మన ఓటు రహస్యం. శాసనసభలో, పార్లమెంటులో పార్టీలు వేసే ఓటు రహస్యం కాదు. కాబట్టి మొగ్గు గురించి ప్రశ్న అడగవలసినది ఎవరిని?

2019 ఆగస్టులో 370వ అధికరణం విషయంలో తెలుగుదేశం, వైఎస్ఆర్ కాంగ్రెస్ రెండూ కేంద్రాన్ని సమర్థించాయి. అదే ఏడాది డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకూ రెండూ మద్దతిచ్చాయి. చిత్తూరులో ఒకరినొకరు కన్నెత్తి చూడని పార్టీలు ఢిల్లీలో ఒకే మీట నొక్కాయి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288–232 తేడాతో నెగ్గినప్పుడు తెలుగుదేశం, జనసేన దానికి అనుకూలంగా నిలిచాయి. వైఎస్ఆర్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు నిలిపివేసింది. వ్యతిరేకించినవారి మేలు మరువనక్కరలేదు, పౌరసత్వ బిల్లు నాటి ఓటునూ మరువనక్కరలేదు.

2014 జూన్ నుంచి 2018 నవంబరు దాకా ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో ఒక్క ముస్లిం మంత్రి లేరు. 2018 ఆగస్టులో గుంటూరులో తెలుగుదేశం జరిపిన ముస్లింల సభలో ప్లకార్డులు చూపిన యువకులను పోలీసులు పట్టుకుపోయారు. తరువాతి ప్రభుత్వం ఒక ముస్లింను ఉపముఖ్యమంత్రిని చేసింది. అదే ప్రభుత్వ కాలంలో, 2020 నవంబరులో, పోలీసుల వేధింపులు తాళలేక నంద్యాలలో ఒక ఆటో డ్రైవరు భార్యాబిడ్డలతో సహా రైలు కింద పడి చనిపోయాడు. రాష్ట్ర జనాభాలో మనం ఏడు శాతానికి పైగా ఉన్నాం. 175 మంది శాసనసభ్యులలో 2014లో నలుగురు, 2019లో నలుగురు, 2024లో ముగ్గురు ముస్లింలు. రాష్ట్రంలోని 25 లోక్‌సభ స్థానాల నుంచి ఈ మూడు ఎన్నికలలోనూ ఒక్కరూ లేరు. నాలుగు శాతం రిజర్వేషన్ 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నేటికీ వేలాడుతోంది. దానిని కాపాడతామని ఎన్నికలలో అన్నవారు న్యాయస్థానంలో ఏం చేస్తున్నారో చెప్పవలసిన బాధ్యత వారిది.

ఈ పద్దు ఎవరి చేతిలోనైనా ఉంటే, లెక్కింపు రాత్రి ప్రశ్న తనంత తానే తిరగబడుతుంది: మా ఓటు ఎటు పడిందని అడుగుతున్నారు, సరే, మా విషయంలో మీ ఓటు ఎటు పడింది?

మనలో మనం

ఇతరులను అన్న తరువాత మనవారిని అనకపోతే న్యాయం కాదు. పోలింగ్‌కు పది రోజుల ముందు ఎక్కడినుంచో పుట్టుకొచ్చి, “మా సమాజం ఓట్లన్నీ మీకే” అని వేదికల మీద అభ్యర్థికి శాలువా కప్పే పెద్దమనుషులు మనలో ఉన్నారు. వారికి ఆ అధికారం ఎవరిచ్చారు? ఏ జమాత్ తీర్మానించింది? ఏ ఇంట్లోని ఆడపడుచును అడిగారు? ఓటును సాక్ష్యంగా, అమానతుగా చూడమని ఉలమా చెబుతుంటారు. ఒకరి సాక్ష్యాన్ని మరొకరు గంపగుత్తగా అమ్మడం ఏ ధర్మంలోనూ చెల్లదు. ఆ శాలువా కప్పిన చేయి తరువాత ఏ కాంట్రాక్టు కోసం చాచబడుతుందో మనకు తెలియనిది కాదు. మనలను ఓటు బ్యాంకు అనే మాటకు ఆధారం చేకూరుస్తున్నది కూడా వీరే.

“విడిపోతే మన బలం పోతుంది కదా” అని చిత్తశుద్ధితో అడిగే యువకులున్నారు. వారి ఆందోళన అర్థం చేసుకోదగినదే. కాని ఐక్యత కోరికలలో ఉండాలి, మీట నొక్కడంలో కాదు. ఒకే పార్టీకి ముందే రాసిచ్చిన సమాజాన్ని ఆ పార్టీ లెక్క చేయదు, ఎదుటి పార్టీ ఆశ పెట్టుకోదు. తిరుపతి, మదనపల్లె ఫలితాలు చెప్పే గట్టి పాఠం ఇదే: ఓటరు ఎటు వేస్తాడో ముందుగా తెలియని చోటనే నాయకుడు వచ్చి నమస్కరిస్తాడు. వక్ఫ్ భూముల రక్షణ, ఉర్దూ పాఠశాలలలో ఉపాధ్యాయ నియామకాలు, రిజర్వేషన్ వ్యాజ్యం, మహల్లాలో మురుగుకాలువ, ఈ నాలుగింటి మీద అన్ని పార్టీలకూ ఒకే కాగితం ఇద్దాం. తరువాత ఎవరి ఓటు వారిది. తండ్రి ఓటు, కొడుకు ఓటు, కోడలి ఓటు వేరైనా ఆ ఇల్లు విడిపోదు.

రేపు పంచాయతీ ఎన్నికలు వచ్చినా, నగరపాలక ఎన్నికలు వచ్చినా, ఆపై శాసనసభ ఎన్నికలు వచ్చినా, లెక్కింపు రాత్రి మళ్లీ వస్తుంది. మళ్లీ ఎవరో ఒకరు భుజం మీద చేయి వేసి అదే ప్రశ్న అడుగుతారు. ఆ రాత్రి కోపగించుకోవద్దు, ప్రమాణాలు చేయవద్దు, ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో చెప్పవద్దు. “అన్నా, నా ఓటు రాజ్యాంగం నాకిచ్చిన రహస్యం, అది నాతోనే ఉంటుంది. మీ పార్టీ మా గురించి ఏం చేయబోతోందో అది రహస్యం కాదు కదా, కూర్చోండి, చెప్పండి” అని ఒక టీ తెప్పించండి. అడిగినవారు సమాధానంతో కూర్చుంటారో, లేచి వెళ్లిపోతారో, వారి మొగ్గు ఎటో అప్పుడు తేలుతుంది.